ఒంటిలంక గుడారాలు

కాటుక సరస్సు నీళ్ళు నల్లన. దోసిట్లోకి తీసుకుంటే అన్ని నీళ్ళలాగే తెల్లగా ఉంటాయి. వదిలితే మళ్ళీ నల్లబడతాయి. చుట్టూ తొమ్మిది కొండలు. ఫాల్గుణ మాసం కావడంతో కొండల నిండా మోదుగులు పూసి, అడివి అంటుకున్నట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపంతా నీళ్ళలో పడి వణుకుతోంది. నడుమ ఒక్కటే లంక. దానికి ఊరు లేదు, రేవు లేదు. పేరు మాత్రం ఒంటిలంక.

మిట్టమధ్యాహ్నం ఆ నీళ్ళ మీద ఒక దోనె పోతోంది. తెడ్డు వేస్తున్నవాడు ఓబన్న. మరకతపురి రాజుగారి దండుకు గుడారాలు కుట్టి, నిలబెట్టి, మళ్ళీ విప్పి మోసుకొచ్చేవాడు. నలభై దాటాయి. మాట తక్కువ. అతనికి ఎదురుగా మడిచిన గుడారం గుడ్డ మీద కూర్చున్న ఆమె ఆ రాజుగారి కూతురు కువలయ. ముతక చీర కట్టింది. నగలు తీసేసింది. చేతులకూ మొహానికీ మసి పూసుకుంది. చూసేవాళ్ళకు ఓబన్న చెల్లెలు. తాళ్ళు పేనుకునే మనిషి.

దోనె వెనకాలే ఒక కాకి వస్తోంది. పొద్దుట్నుంచీ వస్తోంది.

"కాళ్ళు లోపలికి తీసుకోండి అమ్మణ్ణీ," అన్నాడు ఓబన్న.

"మళ్ళీ అమ్మణ్ణీ!" కువలయ గొంతు తగ్గించింది. "కాకులు వింటాయని చెప్పింది నువ్వే. చెల్లీ అనాలి. నువ్వు అనాలి."

"నోరు తిరగట్లేదు."

"తిప్పుకో."

ఓబన్న రెండు తెడ్లు వేశాడు. "సరే. కాళ్ళు లోపలికి తీసుకోండి చెల్లీ."

కువలయ నవ్వింది. కోట దాటాక అదే మొదటి నవ్వు.

నవ్వే రోజులు కావు అవి. మూడేళ్ళ కిందట ఆమె అన్న, యువరాజు రత్నాంగదుడు, నీటికోళ్ళ వేటకని పన్నెండు మంది గుడారాల వాళ్ళను వెంటబెట్టుకుని ఆ లంకకు పోయాడు. తిరిగి రాలేదు. వెతకబోయిన వాళ్ళూ తిరిగి రాలేదు. ఆ పన్నెండు మందిలో ఓబన్న తమ్ముడు తిప్పన్న కూడా ఉన్నాడు. ఇదంతా కాకదంతుడనే మాంత్రికుడి పని. యువరాజు పసివాడుగా ఉండి చావబోతే వాడే మందిచ్చి బతికించాడు. బదులుగా రాజు ఉదయసేనుడి చేత ఒక మాట తీసుకున్నాడు. రత్నాంగదుడికి ఇరవై నాలుగేళ్ళు నిండే పున్నమి నాడు అతను సింహాసనం ముందు నిలబడాలి. నిలబడకపోతే రాజ్యం కాకదంతుడిది. ఆ పున్నమి ఇంక మూడు రోజులుంది. రాజు మంచం మీద ఉన్నాడు. మంచం మీద నుంచి కొడుకు పేరు తప్ప వేరే మాట లేదు.

లంక కోసెడు దూరంలో ఉందనగా నీళ్ళు ఉబ్బాయి. దోనె పక్కనే మొదట మీసం లేచింది. పగ్గమంత మీసం. దాని వెనక తల. వాలుగ చేప. అయితే అలాంటి వాలుగను చేపలు పట్టేవాళ్ళెవరూ చూసి ఉండరు. నోరు తెరిస్తే అందులో బండి తోలుకుపోవచ్చు. వీపు మీద నాచు పెరిగి, నాచులో గడ్డి మొలిచింది.

"పడుకో!" అరిచాడు ఓబన్న. అప్పుడు మాత్రం నోరు బాగానే తిరిగింది.

కువలయ బోర్లా పడింది. వాలుగ దోనె మొన అందుకుంది. కొయ్య పటపటమంది. ఓబన్న జొన్నపిండి మూట విసిరాడు. గుటుక్కున మింగింది. ఎండుచేపల బుట్ట విసిరాడు. అదీ మింగి మళ్ళీ వచ్చింది. ఇంక గుడారం నడిమి గుంజ తీశాడు. నిలువెత్తు చండ్ర కర్ర. వాలుగ మళ్ళీ నోరు తెరవగానే ఆ కర్రను దవడల నడుమ నిలువుగా దిగ్గొట్టాడు. అది నోరు మూయలేక తల కొట్టుకుంది. తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. ఆ దెబ్బకు లేచిన అల దోనెను ఎత్తి, లంక ఒడ్డున తుంగలో విసిరికొట్టింది.

ఇద్దరూ లేచి ఒళ్ళు చూసుకున్నారు. తిండి పోయింది. గుంజ పోయింది. దోనె మాత్రం పగల్లేదు.

తుంగ దాటి పైకెక్కి చూస్తే లంక నిండా గుడారాలు. ఎర్రవి, పసుపువి, పట్టంచువి, గోనెవి. ఒకప్పటి రంగులు. వానలకు వెలిసి అన్నీ ఒకే బూడిద రంగుకు వచ్చాయి. కొన్ని కూలిపోయాయి. కొన్నిటి మీద దొండతీగ పాకి, తీగే వాటిని నిలబెట్టింది. గాలి వీచినప్పుడల్లా చిరిగిన గుడ్డలన్నీ ఒకేసారి టపటపమని కొట్టుకుని, ఒకేసారి ఆగిపోతున్నాయి. ఓబన్న లెక్కపెట్టాడు. అరవై పైచిలుకు. పొగ మాత్రం ఒక్కదాన్నుంచే వస్తోంది.

నడిచిపోతూ ఓబన్న ఒక గుడారం దగ్గర ఆగాడు. అంచు చేతిలోకి తీసుకున్నాడు. అది వాళ్ళ ఇంటి కుట్టు. రెండు ముందుకు, ఒకటి వెనక్కి. మరకతపురిలో ఆ కుట్టు వేసేది ఇద్దరే.

లోపలికి తొంగి చూశాడు. ఎవరూ లేరు. గడ్డి పరుపు, బోర్లించిన ముంత. ముంత కింద నుంచి చీమలు పోతున్నాయి. ఓబన్న రొంటిన ఉన్న సూది తీశాడు. గుడారం పక్కన జానెడు చిరుగు ఉంటే కూర్చుని అది కుట్టాడు. దారం పళ్ళతో తెంపి లేచాడు. అంతసేపూ కువలయ పక్కనే నిలబడింది.

పొగ వచ్చే గుడారం ముందు ఒక అవ్వ తామరదుంపలు కాలుస్తోంది. ఆమె పక్కన గడ్డం పెరిగిన మనిషి ఒకడు పాత గుడ్డకు మాసిక వేస్తున్నాడు. చేతులు తుంగ కాడల్లా ఉన్నాయి. తలెత్తి చూశాడు. చూసి, సూది గుడ్డలోనే వదిలేశాడు.

"ఎందుకొచ్చావు కువలయా?" అన్నాడు.

అన్న గొంతు అంత ముసలిది అవుతుందని కువలయ అనుకోలేదు. పోయి అతని పాదాల దగ్గర కూర్చుంది. రత్నాంగదుడు ఆమె తల మీద చెయ్యి వేసి తీయలేదు.

"నాన్నగారు?"

"ఉన్నారు. నిన్ను తీసుకుపోవడానికి వచ్చాం. పున్నమి మూడు రోజులే ఉంది."

"పదిహేడుసార్లు బయలుదేరాను. నడి సరస్సు దాకా పడవ బాగానే పోతుంది. తర్వాత ఎవరో మెడపట్టి తిప్పినట్టు తిరుగుతుంది. తెడ్డేసినా అంతే, తెరచాప వేసినా అంతే. తిరిగి ఇదే తుంగలోకి." అతను ఓబన్న వైపు చూశాడు. "నువ్వు తిప్పన్న అన్నవు. ముక్కు అదే."

"అవును దొరా."

"మీ తమ్ముడు..."

"గుడారం చూశా దొరా."

అవ్వ కట్టె కదిపింది. ఆమె పేరు చెన్నమ్మ. పదకొండేళ్ళ కిందట కొడుకును వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు పోయాడు. తను మిగిలింది.

"కూర్చో నాయనా," అంది ఓబన్నతో. "నీ తమ్ముడు ఉత్త మనిషి కాదు. రెండేళ్ళ కిందట అందరం కలిసి ఒకే పెద్ద పడవ కట్టాం. ఒక్కరం కూడా మిగలకుండా ఎక్కాం. అట్లయినా వదులుతుందేమోనని. నడినీళ్ళకు పోయి నిలిచిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. తొమ్మిది రోజులు. ఆకలికి కొందరు, ఎండకు కొందరు. చివరికి నీ తమ్ముడు నన్ను వీపున కట్టుకుని ఈదాడు. నన్ను ఈ ఒడ్డున పారేసి, దొరను తెచ్చాడు. మూడోసారి ఇంకొకరి కోసం పోయాడు."

ఓబన్న తల ఊపాడు. "వాడికి ఈత నేర్పింది నేనే," అన్నాడు.

పొద్దు వాలుతోంది. గుడారం వేసుకోవాలి. ఆ లంక మీద ఇల్లు నిలవదు. మట్టిగోడ లేపితే తెల్లారేసరికి నేల దాన్ని మింగేస్తుంది. రాయి మీద రాయి పెట్టినా అంతే. గుడ్డ కప్పు ఒక్కటే సహిస్తుంది. ఉండిపోవాలి అనుకోని మనిషికే అక్కడ చోటు అన్నమాట. అలా వచ్చినవాళ్ళే అరవై గుడారాల వాళ్ళూ.

నడిమి గుంజ వాలుగ నోట్లో పోయింది కనుక ఓబన్న రెండు తెడ్లను కత్తెరలా కట్టి నిలబెట్టాడు. గాలి పడమర నుంచి కాబట్టి వాకిలి తూర్పుకు పెట్టాడు. మేకులు బయటికి వాల్చి దిగ్గొట్టాడు. చుట్టూ వాననీళ్ళు పోవడానికి జానెడు గాడి తవ్వాడు. కువలయ కూడా ఒక మేకు కొడతానంది. నాలుగు దెబ్బల్లో మూడు నేలకు తగిలాయి, ఒకటి బొటనవేలికి.

"మేకు తప్ప అన్నిటినీ కొట్టావు చెల్లీ," అన్నాడు ఓబన్న.

"ఇప్పుడు నోరు తిరిగిందే!" అని ఆమె వేలు చప్పరించింది.

మూడు రాళ్ళు పెట్టి, చెకుముకి కొట్టి నిప్పు చేశారు. తిండి అవ్వదే. కాల్చిన తామరదుంపలు, రెండు చిన్న చేపలు. కువలయ కొంగుముడి విప్పి అందులోని ఉప్పు అందరి ఆకుల్లోనూ వేసింది. అవ్వ దుంప కొరికింది. నమలడం ఆపేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఉప్పే," అంది. "నాలుగేళ్ళయింది తల్లీ. నా దగ్గర గిద్దెడు ఉండేది. ఒక దొంగముండావాడు ఎత్తుకుపోయాడు. చెవికి గాటు ఉంటుంది వాడికి."

ఓబన్న చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "ఎడమ చెవికా?"

"ఎడమ చెవికే."

"మెల్లకన్నా?"

"మెల్లకన్నే! నీకెట్టా తెలుసు?"

"నిరుడు మా సంతలో చూశా. తాళ్ళు బేరం చేసి, ఒకటి చంకన పెట్టుకుని పోయాడు. తరిమాను."

ఈ లంక నుంచి ఒక మనిషి బయటపడ్డాడు. పడవ కూడా లేకుండా, దొంగతనం చేసి మరీ.

"వాడు పోయేటప్పుడు ఎవరికన్నా చెప్పి పోయాడా అవ్వా?"

"దొంగ చెప్పిపోతాడా? చెప్పాపెట్టకుండా దుంగ పట్టుకుని నీళ్ళలో పడ్డాడు. నేనే ఒడ్డుదాకా పరుగెత్తి దుమ్మెత్తి పోశా. పోరా పాడుకాను, పో! మళ్ళీ ఈ గడ్డ తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా అని."

"దుంగ తిరగలేదు?"

"తిరగలా. మునిగి చచ్చాడనుకున్నా."

ఓబన్న యువరాజు వైపు తిరిగాడు. "పదిహేడుసార్లు బయలుదేరారు గదా దొరా. బయలుదేరేటప్పుడు ఏమన్నారు?"

"ఏమంటాను? ఒడ్డున ఉన్నవాళ్ళకు అందరూ చెప్పేదే. వెళ్ళొస్తా..."

మాట సగంలో తెగింది. కువలయ అన్న మొహంలోకి చూసింది.

"వస్తానన్నావు," అంది. "వచ్చావు."

రత్నాంగదుడు నిప్పులో పుల్ల వేశాడు. "ఒకసారి జ్వరంలో బయలుదేరాను. నోరు మెదపలేదు. అయినా తిరిగింది."

"నేనున్నాగా," అంది అవ్వ. "పోయిరా నాయనా, క్షేమంగా పోయిరా అన్నాగా. పదిహేడుసార్లూ అన్నాగా. నా నోరు పడిపోను!"

కాకదంతుడు వేసిన కట్టు అదీ. గోడ లేదు, గొలుసు లేదు, కావలి లేదు. జనం నోట్లో ఉన్న మాటనే వాడు తాడుగా పేనాడు. పోయేవాడు వస్తానంటే ఆ మాటకు సరస్సు సాక్షి. ఉండేవాడు రమ్మంటే అదీ అంతే. ఎవరూ ఏమీ అనకపోతే పడవ నడినీళ్ళలో నిలబడుతుంది. ఒడ్డున ఒకరు నిలబడి, మళ్ళీ రావద్దు పో అంటేనే దారి. అరవై గుడారాల వాళ్ళలో ఆ మాట ఇష్టమైన మనిషిని పట్టుకుని ఎవరనగలరు? పాడె లేచేటప్పుడు కూడా నోటికి రాని మాట.

"నేనంటాను," అంది అవ్వ. "నాకెవరున్నారు? పొద్దున్నే అంటాను."

తెల్లవారింది. పొగమంచు నీళ్ళ మీద పాలమీగడలా కట్టింది. తూర్పు కొండ వెనక నుంచి సూర్యుడు ఇంకా రాలేదు కానీ మోదుగుల కొసలు మాత్రం వెలిగాయి. గుడారం విప్పి దోనెలో వేసుకుని ముగ్గురూ ఎక్కారు. అవ్వ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. కాకులు ఒకటొకటే వచ్చి గుడారాల మీద వాలుతున్నాయి.

అవ్వ గొంతు సవరించుకుంది. "పో నాయనా! పో! పోయి... చల్లగా ఉండి మళ్ళీ..." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దోనె బారెడు కదిలి వెనక్కి వచ్చి ఒడ్డుకు గుద్దుకుంది.

"మళ్ళీ అనవ్వా. కోపంగా అను."

"పోరా! దొంగసచ్చినోడా, పో! ఆ చేతులు చూడు, ఎట్లా చిక్కిపోయాయో, దారిలో ఏమన్నా తిని పోయిరా..." దోనె మళ్ళీ వచ్చి గుద్దుకుంది.

మూడోసారి ఆమె నోరు తెరిచి ఏమీ అనలేక నీళ్ళలోనే కూలబడి ఏడ్చింది. "ఉప్పు దొంగిలించినోణ్ణి అన్నా. నువ్వు నాదేమి దొంగిలించావయ్యా?" అంది.

కాకులు ఇప్పుడు వందకు పైనే ఉన్నాయి. ఒకటి లేచి తూర్పుకు ఎగిరిపోయింది. యజమానికి కబురు పోయిందన్నమాట.

ఓబన్న దోనె దిగాడు. "నేనుంటాను. మీరిద్దరూ..."

"తెడ్డు వేసేదెవరు?" అన్నాడు రత్నాంగదుడు. చేతులు చాపి చూపించాడు. వేళ్ళు నిలకడగా లేవు. "ఈ చేతులు ఒక జొన్నకంకి కూడా ఎత్తలేవు."

ఎవరూ కువలయ వైపు చూడలేదు. ఆమే లేచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగింది. పోయి అవ్వను లేపి తన పక్కన నిలబెట్టుకుంది.

"కూర్చో ఓబన్నా. తెడ్డు తీసుకో," అంది.

"అమ్మణ్ణీ!"

"కూర్చో."

ఓబన్న ఎక్కి తెడ్డు పట్టుకున్నాడు. రత్నాంగదుడు దోనె అంచు పట్టుకుని లేవబోయాడు. "వద్దు. నువ్వు నన్ను రావద్దంటే ఇంక నీకోసం కూడా రాలేను. తెలుసా నీకు?"

"తెలుసు."

"అయితే అనవద్దు. రాజ్యం వాడికే పోనీ."

"రాజ్యం!" అంది కువలయ. "మూడేళ్ళు నాన్నగారి మంచం పక్కన ఎవరు కూర్చున్నారనుకున్నావు? గంజి తాగించింది నేను. ఒళ్ళు తుడిచింది నేను. పొద్దున లేచి కళ్ళు తెరిచి నన్ను చూసి, రత్నా వచ్చావా అంటారు. కాదు నాన్నా నేను అంటే మొహం అటు తిప్పుకుంటారు. రోజూ. ఒక్క రోజు కాదు, రోజూ! నేనెవరినీ కానా ఆ ఇంట్లో? నీటికోళ్ళు కావలసి వచ్చాయి నీకు. పన్నెండు మందిని తెచ్చి చంపుకున్నావు నీటికోళ్ళ కోసం. తిప్పన్న నిన్ను మోసి ఈదాడు. ఆయన అన్న ఎదురుగా కూర్చుని నీకు తెడ్డేస్తున్నాడు. సిగ్గుందా నీకు? పో! నీ మొహం నాకు చూపించకు. పోయి నాన్నగారి ముందు నిలబడు, ఒక్కసారైనా ఆయన పిలిచినప్పుడు పలుకు. మళ్ళీ ఇక్కడికి రాకు. పో!"

అవన్నీ నిజాలే. ఆమె కళ్ళు మాత్రం అన్న మొహాన్ని ముక్క ముక్కగా దాచుకుంటున్నాయి. నుదురు, కళ్ళు, గడ్డంలో ఆ తెల్ల వెంట్రుక.

ఆ మాటతో లంక అదిరింది. అరవై గుడారాలూ ఒక్కసారి గాలి పీల్చినట్టు ఉబ్బాయి. కాకులన్నీ కావుమంటూ లేచి ఆకాశం నల్లబడింది. దోనె కింద నీళ్ళు జారుబండలా జారాయి.

"పట్టుకోండి దొరా!" అని ఓబన్న ఒడ్డును తెడ్డుతో తోశాడు. తోస్తూ తోస్తూ ఆమె వైపు చూశాడు. మసి కడిగిపోయిన మొహం. పెదవి కొరుక్కుని నిలబడి ఉంది. ఓబన్న పెదవులు ఏదో అన్నాయి. కాకుల గోలలో అది ఎవరికీ వినపడలేదు. అతనికే వినపడలేదు.

దోనె బాణంలా పోయింది. కాకులు మీద పడ్డాయి. ఓబన్న ఒక చేత్తో తెడ్డేస్తూ ఇంకో చేత్తో గుడారం గుడ్డ తీసి యువరాజు మీద కప్పాడు. ముక్కులు గుడ్డను చీలుస్తున్నాయి. ఓబన్న వీపు రక్తం. ఎదురుగా నీళ్ళు చీల్చుకుంటూ వాలుగ లేచింది. దవడల మధ్య చండ్ర గుంజ ఇంకా అలాగే ఉంది. నోరు మూయలేని చేప ఏం చేస్తుంది, పక్క నుంచి గుద్దడానికి వచ్చింది. ఓబన్న తెడ్డు దాని కంట్లో దిగ్గొట్టి పక్కకు తిప్పాడు. దాటేశారు. నడి సరస్సు వచ్చింది. పదిహేడుసార్లు పడవ తిరిగిన చోటు. రత్నాంగదుడు గుడ్డ కింద నుంచి తల బయటపెట్టి ఊపిరి బిగబట్టాడు.

దోనె తిరగలేదు. ముందుకే పోయింది. ఒక బార. రెండు బారలు. అతను పసివాడిలా ఏడ్చాడు.

మూడో బారకు దోనె వెనక భాగం మాత్రం మెల్లగా పక్కకు జరిగింది. యువరాజు కూర్చున్న మొన ఊరి వైపు లాగుతోంది. ఓబన్న కూర్చున్న కొస లంక వైపు లాగుతోంది. నడుమ కొయ్య కిర్రుమంది. వాలుగ కొరికిన చోట పగులు బారింది.

అప్పుడు ఓబన్నకు తన పెదవులు ఏమన్నాయో తెలిసింది. పోయొస్తా చెల్లీ అన్నాడు. ఒడ్డున ఆడబిడ్డను వదిలి బయలుదేరే మగవాడు ఏమంటాడో అదే అన్నాడు.

"ఏమైంది?" అన్నాడు రత్నాంగదుడు. "ఎందుకు ఆగింది?"

"తెడ్డు అందుకోండి దొరా. ఇట్లా కాదు, రెండో చెయ్యి కింద పట్టండి. ఎండ మీ కుడి చెంపకు తగిలేట్టు పోండి. చేతులు పడిపోతే కాళ్ళతో పట్టి వేయండి. కోసెడు పోతే గాలి అందుకుంటుంది. రెల్లు పొదల వెనక నా గుర్రం కట్టేసి ఉంది."

"నువ్వు?"

ఓబన్న జవాబు చెప్పలేదు. ఏ మాట దేన్ని తిప్పుతుందో ఆ నీళ్ళ మీద ఎవరికి తెలుసు? పగులు మూరెడయింది. అతను లేచి, దోనె వాలకుండా రెండు చేతులూ అంచున ఆనించి, నీళ్ళలోకి జారాడు.

బరువు తగ్గిన దోనె ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. "ఓబన్నా!" అని పిలుపు వినపడింది. మళ్ళీ వినపడింది, ఇంకొంచెం దూరం నుంచి. ఓబన్న తల తిప్పలేదు.

సరస్సు అతన్ని లంక వైపు ఈడ్చుకుపోతోంది. ఈదనక్కరలేదు. అయినా ఈదుతున్నాడు. ఎందుకంటే తూర్పున కొండల నడుమ నుంచి నల్లని మనిషి ఒకడు నీళ్ళ మీద నడిచి వస్తున్నాడు. అడుగు పెట్టిన చోటల్లా నీళ్ళు గడ్డకడుతున్నాయి. భుజాల మీద, చేతుల మీద కాకులు. వాడు దోనె వైపు చూడను కూడా లేదు. తన కట్టు తెంపిన నోరు ఎక్కడుందో అక్కడికే పోతున్నాడు.

తుంగలో అవ్వ కేకలు వేస్తోంది. కువలయ కేకలు వేయడం లేదు. నీళ్ళలో నిలబడి వచ్చేవాణ్ణి చూస్తోంది.

కువలయకు వాడు ఎంత దూరంలో ఉన్నాడో తను ఎంత దూరంలో ఉన్నాడో ఓబన్న ఒక్కసారి తలెత్తి కొలుచుకున్నాడు. సమానంగా ఉంది. తల నీళ్ళలో పెట్టి రెండు చేతులూ బలంగా వేశాడు.